తీర సముద్రం డేటాను వెబ్ మ్యాప్ మీద పెట్టడం ఎలా?

తీరానికి కాస్త దూరంలో మీ బోయా, అంటే లంగరు వేసిన కొలత పరికరం, ఒకటి తేలుతూ ఉంది. రేవులో నీటిమట్టం కొలిచే టైడ్ గేజ్ ఒకటి ఉంది. ఒడ్డున రెండు హెచ్‌ఎఫ్ రాడార్లు గంటకోసారి ఉపరితల ప్రవాహాలను కొలుస్తున్నాయి. ఇంకోపక్క ఒక కంప్యూటర్ రోజూ సముద్రపు మోడల్ నడిపి, రాబోయే మూడు రోజుల అంచనాను ఫైళ్లలో రాసిపెడుతోంది. ఇవన్నీ వేర్వేరు ఫోల్డర్లలో పడి ఉన్నాయి. ఎవరైనా అడిగితే వెతికి ఈమెయిల్‌లో పంపుతున్నారు. మీ పరిస్థితి ఇలా ఉంటే, ఈ నాలుగింటినీ ఒకే మ్యాప్ మీదకి తెచ్చి అందరికీ ఇవ్వడం ఎలాగో వరసగా చెప్తాను.

ముందే ఒక మాట. బ్రౌజర్లో మ్యాప్ గీయడం ఇప్పుడు ఒక పూట పని. ఆ మ్యాప్ మీది ప్రతి చుక్క కొలిచినదా లెక్కగట్టినదా, ఏ గంటది, ఎంత లోతుది, ఎంతవరకు నమ్మవచ్చు అన్నది చూసేవాళ్లకు తెలిసేలా చేయడానికి మాత్రం వారాలు పడుతుంది. సముద్రంలోకి వెళ్లేవాళ్లు ఆ మ్యాప్ చూసి నిర్ణయం తీసుకుంటారు కాబట్టి ఆ వారాలు ఖర్చుపెట్టి తీరాలి. ఇక్కడ సగం అడుగులు మ్యాప్ తెరవకముందు వేయాల్సినవే.

1. ఎవరు ఏం అడుగుతారో కాగితం మీద రాయండి

ఓడను రేవులోకి తెచ్చే పైలట్‌కి ఇప్పుడు నీటిమట్టం ఎంత, ఇంకో రెండు గంటల్లో ఎంత ఉంటుంది అన్నది కావాలి. చమురు ఒలికినప్పుడు రంగంలోకి దిగే బృందానికి ప్రవాహం ఎటు పోతోందో కావాలి. మత్స్యకారుడికి అలల ఎత్తు, గాలి కావాలి, అదీ ఫోన్‌లో కావాలి. పరిశోధకురాలికి మ్యాప్‌తో పెద్దగా పని లేదు, పదేళ్ల డేటా ఒకేసారి దింపుకునే లింకు కావాలి.

ఇలాంటి ప్రశ్నలు మూడు రాసుకోండి. మ్యాప్ మొదటి రూపం ఆ మూడింటికి జవాబు చెబితే చాలు. యాభై లేయర్లు పెట్టి, దేన్ని ఆన్ చేయాలో తెలియని పేజీ తయారుచేయడం చాలా సులువు.

ఇంకో విషయం కూడా ఇప్పుడే చూసుకోండి. యూరప్‌లో ఈమోడ్‌నెట్, ఆస్ట్రేలియాలో ఏఓడీఎన్, అమెరికాలో ఐఊస్ కింద పనిచేసే 11 ప్రాంతీయ సంఘాలు ఇప్పటికే ఇలాంటి పోర్టళ్లు నడుపుతున్నాయి. మీ తీరానికి అలాంటిది ఉంటే, మీరు 2 నుంచి 4 వరకు ఉన్న అడుగులు పూర్తిచేసి డేటాను వాళ్లకు అందేలా పెడితే సరిపోవచ్చు. సొంత మ్యాప్ అక్కర్లేకపోవచ్చు.

2. ఫైళ్లను బాగుచేయండి

తొందరపడకూడని అడుగు ఇది. తర్వాత వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

అన్నింటినీ నెట్‌సీడీఎఫ్ ఫార్మాట్‌లోకి మార్చండి. బోయా లాగర్ (కొలతలు నమోదుచేసే పెట్టె) ఇచ్చే సీఎస్‌వీ ఫైళ్లను అలాగే వాడుకోవచ్చు గానీ, ఆ నిలువు వరసల అర్థం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. నెట్‌సీడీఎఫ్ ఫైల్లో ఆ అర్థం ఫైలుతోపాటే ప్రయాణం చేస్తుంది. దాన్ని ఎలా రాయాలో సీఎఫ్ నియమాలు చెబుతాయి. ఫైల్లో వేరియబుల్ పేరు 'టెంప్' అని ఉన్నా 'టీ1' అని ఉన్నా ఫర్వాలేదు. దాని పక్కన 'స్టాండర్డ్ నేమ్' అనే గుర్తింపు రాస్తే, అది సముద్రపు నీటి ఉష్ణోగ్రతే తప్ప గాలి ఉష్ణోగ్రత కాదని ఏ సాఫ్ట్‌వేర్ అయినా తెలుసుకుంటుంది. ఆ పేర్ల పట్టిక బహిరంగంగా ఉంది. అందులోంచి వెతికి తీసుకోవాలి, సొంతంగా కల్పించకూడదు.

ఆ తర్వాత ఇవి ఒక్కొక్కటిగా చూడండి.

సమయం. అంతా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉండాలి. లాగర్ స్థానిక సమయంలో రాస్తుంటే సర్వర్‌కి చేరకముందే మార్చండి. తేదీని ఐఎస్‌ఓ 8601 పద్ధతిలో రాయండి, అంటే ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆపైన రోజు. రోజు ముందా నెల ముందా అన్న గందరగోళం దాంతో పోతుంది.

రేఖాంశం. కొన్ని మోడళ్లు 0 నుంచి 360 వరకు లెక్కిస్తాయి, కొన్ని మైనస్ 180 నుంచి 180 వరకు. ఏదో ఒకటి ఎంచుకుని అన్నింటినీ అందులోకి తెండి. లేకపోతే బోయా ఒకచోట, అదే నీటి మోడల్ ప్రపంచానికి అవతలి వైపు కనిపిస్తాయి.

లేని విలువలు. సెన్సర్ పనిచేయనప్పుడు కొందరు మైనస్ 9999 రాస్తారు, కొందరు సున్నా రాస్తారు. సున్నా రాయడం ప్రమాదం. సున్నా డిగ్రీల నీరు, సున్నా మీటర్ల అల నిజంగానే ఉండవచ్చు. లేని విలువకు ఏ అంకె వాడారో ఫైల్లో ప్రకటించండి.

యూనిట్లు. వేగాన్ని సెకనుకు మీటర్లలో ఉంచండి. చూసేవాళ్లకు నాట్లు కావాలంటే మ్యాప్‌లో మార్చి చూపించండి, ఒక నాట్ అంటే సెకనుకు సుమారు 0.514 మీటర్లు.

లోతు. కిందికి పోయేకొద్దీ పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది రాయండి. మోడళ్లతో ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. తీరప్రాంత మోడళ్లలో చాలావాటికి పొరలు స్థిరమైన లోతులో ఉండవు, నేలను అనుసరించి ఎగుడుదిగుడుగా సాగుతాయి. రోమ్స్ అనే మోడల్లో చివరి పొర ఉపరితలం. ఎఫ్‌వీకామ్ అనే మోడల్లో మొదటి పొర ఉపరితలం. ఒకదానికి రాసిన ప్రోగ్రామ్‌ను ఇంకోదానికి వాడితే, ఉపరితలం అనుకుని అడుగునీటి ఉష్ణోగ్రతను లోకానికి చూపిస్తారు. మ్యాప్ చూడటానికి బాగానే ఉంటుంది. అందుకే తప్పు త్వరగా బయటపడదు.

ప్రవాహం దిశ. రోమ్స్ లాంటి మోడళ్లు వేగాన్ని తమ గ్రిడ్ (సముద్రాన్ని విడగొట్టే గడుల వల) గీతల వెంబడి రాస్తాయి. గ్రిడ్ తీరానికి సమాంతరంగా ఒరిగి ఉంటే ఆ రెండు భాగాలు తూర్పు, ఉత్తరం కావు. గ్రిడ్ కోణం అదే ఫైల్లో ఉంటుంది, దాన్ని తీసుకుని తిప్పి, నిజమైన తూర్పు, ఉత్తర భాగాలను విడిగా రాసి పెట్టండి. నేను మొదటిసారి ఒక మోడల్‌ను మ్యాప్ మీద పెట్టినప్పుడు ఈ పని మర్చిపోయాను. బాణాలన్నీ తీరంలోకి దూసుకుపోతున్నట్టు కనిపించాయి. ఆ గ్రిడ్ బాగా ఒరిగి ఉండబట్టి దొరికింది. పది డిగ్రీలే ఒరిగి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

ఇవన్నీ అయ్యాక ఐఊస్ వాళ్లు ఉచితంగా ఇచ్చే కంప్లయన్స్ చెకర్ అనే పనిముట్టుతో ఫైలును పరీక్షించండి. ఏ గుర్తింపు లేదో, ఏ యూనిట్ తప్పో జాబితా ఇస్తుంది.

3. ప్రతి కొలతకూ ఒక నాణ్యత గుర్తు ఇవ్వండి

సముద్రంలో సెన్సర్ ఎక్కువ కాలం శుభ్రంగా ఉండదు. నాచు, నత్తగుల్లలు పట్టేస్తాయి. లవణీయత నెమ్మదిగా, రోజుకింత అని తగ్గుతూ పోతుంది. నీటిలో ఉప్పు నిజంగా తగ్గుతోందా, సెన్సర్ మూసుకుపోతోందా అన్నది ఆ ఒక్క గీత చూసి చెప్పలేం.

ఇందుకోసం క్వార్టాడ్ అనే పద్ధతి ఉంది. దాని గుర్తులు గుర్తుపెట్టుకోవడం తేలిక: 1 అంటే పరీక్ష పాసైంది, 2 అంటే ఇంకా పరీక్షించలేదు, 3 అంటే అనుమానం, 4 అంటే ఫెయిల్, 9 అంటే డేటా లేదు. పరీక్షలు కూడా సూటిగా ఉంటాయి. విలువ ఆ సెన్సర్ కొలవగలిగిన పరిధిలో ఉందా? ఆ కాలంలో, ఆ చోట సాధారణంగా ఉండే పరిధిలో ఉందా? పక్క విలువలతో పోలిస్తే ఒక్కసారిగా ఎగిరిందా? గంటల తరబడి అదే అంకె వస్తోందా? ఈ పరీక్షలను చేసే పైథాన్ లైబ్రరీ ఉచితంగా దొరుకుతుంది, మీరు పరిమితులు ఇస్తే చాలు.

ఆ పరిమితులు మీ తీరాన్ని బట్టి పెట్టండి, ఇంకోచోటి నుంచి కాపీ కొట్టకండి. వేసవిలో సరిపోయిన పరిమితి శీతాకాలంలో సరిపోకపోవచ్చు.

ఇక్కడ నేను గట్టిగా నమ్మే విషయం ఒకటి చెప్తాను. ఫెయిలైన విలువను ఎప్పుడూ చెరపకండి. తుఫాను రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు టైడ్ గేజ్ విలువ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఎగిరిన విలువలను పట్టే పరీక్ష దాన్ని తప్పు అనుకోవచ్చు. అందరికీ ఆ అంకె అత్యవసరంగా కావలసిన గంట అదే. చెరిపేస్తే మళ్లీ రాదు. గుర్తు పెట్టి ఉంచితే, ఒక మనిషి చూసి దాన్ని 3 లేదా 4 నుంచి 1కి మార్చగలడు. మ్యాప్ మీద 1, 2 గుర్తులున్నవి మామూలుగా, 3 ఉన్నవి వేరే ఆకారంలో, 4 ఉన్నవి అడిగితేనే కనిపించేలా పెట్టండి.

4. డేటా సర్వర్ పెట్టండి

మ్యాప్ పేజీ నేరుగా ఫైళ్లు చదవకూడదు. మధ్యలో ఒక సర్వర్ ఉండి, అడిగినంత ముక్కను మాత్రమే కోసి ఇవ్వాలి.

బోయా, టైడ్ గేజ్ లాంటి స్టేషన్ల డేటాకి ఎర్డాప్ బాగా పనికొస్తుంది. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవాలో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. జావా మీద, టామ్‌క్యాట్ అనే సర్వర్లో నడుస్తుంది. డాకర్ తెలిస్తే ఇన్‌స్టాల్ ఇంకా తేలిక. దాంతోపాటు వచ్చే 'జనరేట్ డేటాసెట్స్ ఎక్స్ఎంఎల్' అనే ప్రోగ్రామ్‌కి మీ ఫోల్డర్ చూపిస్తే, అది ఫైళ్లు చదివి ఒక ముసాయిదా వర్ణన రాసిస్తుంది. ముసాయిదాను అలాగే పెట్టేయకండి. యూనిట్లు, పేర్లు, సారాంశం ఒక్కో వరసా చదివి సరిచేయండి.

ఎర్డాప్‌లో మ్యాప్ చేసేవాళ్లకు బాగా కలిసొచ్చే సదుపాయాలు రెండున్నాయి. మొదటిది, అడిగే లింకులోనే కాలాన్ని 'ఇప్పటి నుంచి ఒక రోజు వెనక్కి' అని రాయవచ్చు. రెండోది, 'ఆర్డర్ బై మ్యాక్స్' అనే ఆజ్ఞకు స్టేషన్ పేరు, సమయం ఇస్తే ప్రతి స్టేషన్‌కీ ఆఖరి కొలత ఒక్కటే తిరిగొస్తుంది. ఈ రెండూ కలిపి ఫలితాన్ని జియోజేసన్‌గా (బ్రౌజర్ మ్యాపులు నేరుగా చదివే ఫార్మాట్) అడిగితే, మ్యాప్ మీద చుక్కలు పెట్టడానికి కావలసినదంతా ఒకే లింకులో వస్తుంది. మధ్యలో ఇంకో ప్రోగ్రామ్ రాయనక్కర్లేదు. అదే లింకు చివర జియోజేసన్ బదులు సీఎస్‌వీ అని మారిస్తే పరిశోధకురాలికి కావలసిన ఫైలు వస్తుంది.

కొత్త ఫైలు వచ్చిన వెంటనే సర్వర్‌కి తెలియాలంటే, ఎర్డాప్ ఫోల్డర్‌లోని 'ఫ్లాగ్' అనే డైరెక్టరీలో ఆ డేటాసెట్ పేరుతో ఒక ఖాళీ ఫైలు పెట్టండి. వీలైనంత త్వరగా దాన్ని మళ్లీ చదువుకుంటుంది. మీ డేటా వచ్చే స్క్రిప్టు చివర ఈ ఒక్క వరస కలిపితే పని అయిపోతుంది.

మోడల్ సంగతి వేరు. ఎర్డాప్ గ్రిడ్ డేటాను కూడా ఇస్తుంది గానీ, అక్షాంశాలు, రేఖాంశాలు చక్కగా వరసల్లో ఉన్న గ్రిడ్ అయితేనే. తీరం వంపుతో పాటు వంగిన గ్రిడ్ అయితే థ్రెడ్స్ సర్వర్ వాడండి. దాన్ని యూనిడేటా తయారుచేసింది. అందులో రీడింగ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఎన్‌సీడబ్ల్యూఎంఎస్ ఉంది, వంగిన గ్రిడ్‌ను కూడా బొమ్మగా గీసి పంపుతుంది. త్రిభుజాలతో అల్లిన ఎఫ్‌వీకామ్, స్కిజమ్ లాంటి మోడళ్లకైతే ఎక్స్‌పబ్లిష్ అనే పైథాన్ పనిముట్టు, దాని డబ్ల్యూఎంఎస్ (మ్యాప్ బొమ్మలను సర్వర్ నుంచి అడిగి తెచ్చుకునే పద్ధతి) ప్లగిన్ చూడండి. ఇవేవీ కుదరకపోతే మామూలు గ్రిడ్ మీదకి మార్చి విడిగా ఒక కాపీ పెట్టడం కూడా గౌరవమైన దారే, మార్చామని వర్ణనలో రాస్తే చాలు.

5. మ్యాప్ పేజీ కట్టండి

బ్రౌజర్లో మ్యాప్ గీసే లైబ్రరీ ఒకటి కావాలి: లీఫ్‌లెట్ లేదా ఓపెన్‌లేయర్స్, రెండూ ఉచితమే. లీఫ్‌లెట్ చిన్నది, నేర్చుకోవడం తేలిక. వేర్వేరు ప్రొజెక్షన్లు (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతులు) కావాలంటే, ముఖ్యంగా ధ్రువాల దగ్గర పనిచేస్తుంటే ఓపెన్‌లేయర్స్ తీసుకోండి. సాధారణ వెబ్ మ్యాప్ ప్రొజెక్షన్ సుమారు 85 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆగిపోతుంది.

అడుగున నేల పటం వేయండి. సముద్రపు లోతులకు జెబ్కో గ్రిడ్ ఉచితంగా దొరుకుతుంది. దాని గడి 15 ఆర్క్‌సెకన్లు, భూమధ్యరేఖ దగ్గర సుమారు 450 మీటర్లు. చూపించడానికి బాగుంటుంది గానీ ఓడ నడపడానికి పనికిరాదు, ఆ మాట మ్యాప్ మీద ఉండాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడితే దాని పేరు మూలన కనిపించాలి.

దాని పైన మోడల్‌ను డబ్ల్యూఎంఎస్ లేయర్‌గా వేయండి. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. డబ్ల్యూఎంఎస్ 1.1.1లో కావలసిన ప్రాంతపు దీర్ఘచతురస్రం మూలలను రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత అన్న వరసలో పంపాలి. 1.3.0లో 4326 కోడ్ ఉన్న (మామూలు అక్షాంశ రేఖాంశాల) ప్రొజెక్షన్‌కి ఆ వరస తిరగబడింది, అక్షాంశం ముందు రావాలి. తెల్ల బొమ్మ వస్తున్నా, వేరే సముద్రం కనిపిస్తున్నా ముందు దీన్నే అనుమానించండి. 3857 కోడ్ ఉన్న సాధారణ వెబ్ మ్యాప్ ప్రొజెక్షన్ వాడితే ఈ గొడవ ఉండదు.

స్టేషన్లను జియోజేసన్ చుక్కలుగా అన్నింటికంటే పైన పెట్టండి. బ్రౌజర్ కన్సోల్‌లో 'కార్స్' అన్న ఎర్రర్ కనిపిస్తే, మీ కోడ్ తప్పు కాదు. వేరే చిరునామా నుంచి వచ్చే అభ్యర్థనలకు డేటా సర్వర్ అనుమతి ఇవ్వాలి, ఆ సెట్టింగ్ సర్వర్ వైపు మార్చాలి.

6. రంగులు, బాణాలు

ఎరుపు నుంచి నీలం దాకా ఇంద్రధనుస్సు రంగుల పట్టీ వాడకండి. అందులో పసుపు దగ్గర, సయాన్ దగ్గర కంటికి గీతలు కనిపిస్తాయి, డేటాలో అక్కడ ఏ గీతా ఉండదు. వర్ణాంధత్వం ఉన్నవాళ్లలో చాలామందికి అందులోని ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోతాయి. 2016లో క్రిస్టెన్ థింగ్, ఆమె సహచరులు సముద్ర శాస్త్రం కోసమే సీఎంఓషన్ అనే రంగుల పట్టీలను ప్రచురించారు. ఉష్ణోగ్రతకు ఒకటి, లవణీయతకు ఒకటి, లోతుకు ఒకటి, సున్నాకు అటూ ఇటూ పోయే విలువలకు ఒకటి ఉన్నాయి. నీటిమట్టం సగటు కంటే ఎక్కువా తక్కువా అని చూపేటప్పుడు ఆఖరిదాన్నే వాడండి. మధ్య రంగు కచ్చితంగా సున్నా మీద పడాలి.

రంగుల హద్దులను మీరే స్థిరంగా పెట్టండి. ప్రతి బొమ్మకూ దాని కనిష్ఠం, గరిష్ఠం చూసి సాఫ్ట్‌వేరే హద్దులు మార్చుకుంటే, నిన్నటి ఎరుపు 29 డిగ్రీలు, ఇవాళ్టి ఎరుపు 26 డిగ్రీలు అవుతుంది. రెండు బొమ్మలు పక్కన పెట్టి చూసేవాళ్లు మోసపోతారు. బోయా చుక్కకూ మోడల్ పొరకూ కూడా ఒకే పట్టీ, ఒకే హద్దులు ఉండాలి. అప్పుడు చుక్క చుట్టుపక్కల రంగులో కలిసిపోతే మోడల్ సరిగ్గా ఉందని, విడిగా కనిపిస్తే తేడా ఉందని ఏ వివరణా లేకుండానే తెలిసిపోతుంది. నాకు ఈ పనంతటిలో చాలా ఇష్టమైన భాగం ఇదే.

బాణాల విషయంలో ఒక్క నిమిషం ఆగండి. గాలి దిశ అంటే గాలి ఎక్కడి నుంచి వస్తోంది అని అర్థం. ప్రవాహం దిశ అంటే నీరు ఎటు పోతోంది అని అర్థం. అలల దిశను బోయాలు ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తున్నాయో చెబుతాయి, మోడళ్లలో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. అంటే దిశ 90 డిగ్రీలు అని ఉంటే గాలి పడమటికి వీస్తోంది, ప్రవాహం తూర్పుకి పోతోంది. మ్యాప్ మీద అన్ని బాణాలూ కదలిక ఎటు పోతోందో అటే చూపేలా గీయండి. పాపప్‌లో అంకె రాసేటప్పుడు 'నుంచి' లేదా 'వైపు' అన్న మాట తప్పకుండా చేర్చండి. చమురు ఒలికిన రోజున ఈ ఒక్క మాట పడవలు ఎటు పోవాలో నిర్ణయిస్తుంది.

కదిలే చుక్కలతో ప్రవాహాన్ని చూపే యానిమేషన్లు అందంగా ఉంటాయి. పెట్టండి, కానీ మామూలు బాణాలకు మారే బటన్ కూడా ఉండాలి. కదిలే చుక్కల నుంచి వేగం అంకె చదవలేం. పాత ఫోన్లలో అవి బ్యాటరీని కూడా తినేస్తాయి.

7. కాలాన్ని నిజాయితీగా చూపండి

లీఫ్‌లెట్‌కి టైమ్‌డైమెన్షన్ అనే ప్లగిన్ ఉంది. బలేరిక్ దీవుల తీర పరిశీలన సంస్థ సోసిబ్ దాన్ని తయారుచేసింది. డబ్ల్యూఎంఎస్ సర్వర్ ఏయే గంటల బొమ్మలు ఇవ్వగలదో చదివి, కాలం జరిపే పట్టీని తనే కడుతుంది.

ఆ పట్టీ మీద 'ఇప్పుడు' అన్న చోట స్పష్టమైన గీత గీయండి. దానికి ఎడమవైపు జరిగిపోయింది, కుడివైపు అంచనా. గీత దాటాక బోయా చుక్కలు, రాడార్ బాణాలు మాయమైపోవాలి, ఎందుకంటే రేపటి కొలత ఎవరి దగ్గరా లేదు. ఆఖరి కొలతనే ముందుకు సాగదీసి చూపే మ్యాపులు చూశాను, అవి చాలా ప్రమాదకరం.

అంచనాకు రెండు సమయాలు రాయాలి: అది ఏ గంట గురించి చెబుతోంది, ఏ రోజు నడిపిన మోడల్ నుంచి వచ్చింది. నిన్న నడిపిన మోడల్ చెప్పే రేపటి అలకూ, మూడు రోజుల కింద నడిపిన మోడల్ చెప్పే రేపటి అలకూ తేడా ఉంటుంది.

పాతబడ్డ కొలతలకు కూడా నియమం పెట్టుకోండి. గంటకోసారి పంపే బోయా మూడు గంటలు పలకకపోతే చుక్కను బూడిద రంగులోకి మార్చి, 'ఆఖరి కొలత 5 గంటల కింద' అని రాయండి. తీసేయకండి. చుక్క లేకపోతే అక్కడ బోయానే లేదనుకుంటారు. తెర మీద సమయాన్ని చూసేవాళ్ల స్థానిక సమయంలో చూపండి, పక్కనే యూటీసీ కూడా ఉంచండి.

8. కొలతనూ మోడల్‌నూ పక్కపక్కన పెట్టండి

బోయా చుక్కను నొక్కితే ఒక గ్రాఫ్ తెరుచుకోవాలి. కొలత చుక్కలుగా, అదే చోట మోడల్ విలువ సన్నని గీతగా. గత మూడు రోజులు, రాబోయే మూడు రోజులు. ఈ గ్రాఫ్ చూసిన పైలట్ 'మోడల్ నిన్నటి నుంచి ఇరవై సెంటీమీటర్లు తక్కువ చెబుతోంది' అని తనే పట్టేస్తాడు, రేపటి అంచనాను ఆ లెక్కన చదువుకుంటాడు.

గ్రాఫ్ గీయకముందు రెండూ ఒకే వస్తువేనా చూడండి. రేవులోని టైడ్ గేజ్ చాలాసార్లు నావిక పటం ప్రమాణమట్టం నుంచి కొలుస్తుంది, అంటే దాదాపు అతి తక్కువ ఆటుమట్టం నుంచి. మోడల్ సగటు సముద్రమట్టం నుంచో, జియాయిడ్ (గురుత్వాకర్షణను బట్టి లెక్కగట్టిన ఊహా సముద్రమట్టం) నుంచో లెక్కిస్తుంది. ఆటుపోట్లు పెద్దగా ఉండే చోట ఈ తేడా మీటరు దాటిపోతుంది. సరిచేసే అంకె తెలిస్తే సరిచేసి, ఏ మట్టం నుంచో గ్రాఫ్ నిలువు గీత పక్కన రాయండి. తెలియకపోతే రెండింటినీ ఒకే గ్రాఫ్‌లో వేయకండి.

రాడార్ ప్రవాహాలతోనూ ఇంతే. హెచ్‌ఎఫ్ రాడార్ చూసేది ఉపరితలం, సుమారు పై మీటరు నీటినే. మోడల్ పై పొర మందం ఐదు మీటర్లు అయితే వేగాలు కలవకపోవడంలో వింత లేదు. పైగా ఒక్కో రాడార్ తన వైపు వచ్చే, తన నుంచి పోయే వేగాన్ని మాత్రమే కొలుస్తుంది. రెండు కలిస్తేనే పూర్తి బాణం వస్తుంది. రెండు రాడార్లనూ కలిపే గీత దగ్గర ఇద్దరి చూపూ ఒకే వరసలో ఉంటుంది కాబట్టి అక్కడి బాణాల మీద నమ్మకం తక్కువ. ఆ గడుల్ని లేతగా చూపండి, పొరుగు గడులతో పూడ్చకండి. ఖాళీ కూడా ఒక సమాచారమే.

తీరం అంచున మోడల్ విలువ తీసేటప్పుడు దగ్గరి గడి నేల మీద పడుతుంది, ఖాళీ వస్తుంది. దగ్గర్లోని నీటి గడిని వెతికి వాడండి, అది బోయాకు ఎన్ని కిలోమీటర్ల దూరమో గ్రాఫ్ కింద రాయండి.

9. పేజీ త్వరగా తెరుచుకోవాలి

మోడల్ ఫైళ్లు సాధారణంగా గంటకో బొమ్మగా పేర్చి ఉంటాయి. మ్యాప్‌కి అది బాగుంటుంది. కానీ ఒక చుక్క దగ్గర ఆరు రోజుల గ్రాఫ్ కావాలంటే సర్వర్ 144 బొమ్మలు తెరిచి ఒక్కొక్క అంకె ఏరాలి. అందుకే గ్రాఫ్ రావడానికి అర నిమిషం పడుతుంది. రెండు మార్గాలున్నాయి. బోయాలున్న చోట్ల మోడల్ విలువలను రోజూ ముందే ఏరి చిన్న ఫైళ్లుగా పెట్టడం ఒకటి. డేటాను జార్ (Zarr) అనే ఫార్మాట్‌లో, కాలం దిశలో పొడుగ్గా ఉండే ముక్కలుగా మళ్లీ పేర్చడం ఇంకోటి. స్టేషన్లు వందలోపు ఉంటే మొదటిదే చేయండి. రాత్రిపూట నడిచే ఒక స్క్రిప్టు చాలు.

మోడల్ రోజుకోసారే మారుతుంది కాబట్టి గీసిన బొమ్మలను క్యాష్‌లో, అంటే మళ్లీ గీయకుండా వాడుకునే నిల్వలో ఉంచండి. తుఫాను వచ్చినప్పుడు పేజీకి ఒక్కసారిగా జనం వస్తారు, క్యాష్ లేని సర్వర్ ఆ రోజే పడిపోతుంది.

10. వదలకముందు

డేటా ఎలా వాడుకోవచ్చో లైసెన్సు రాయండి, క్రియేటివ్ కామన్స్‌లో సీసీ బై 4.0 అయితే మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. ప్రతి లేయర్ పక్కన దాని డేటా దింపుకునే లింకు పెట్టండి. తర్వాత మీ మొదటి కాగితంలో రాసుకున్న మనుషుల్లో ఒకరిని కూర్చోబెట్టి ఫోన్‌లో మ్యాప్ ఇవ్వండి. ఏమీ వివరించకండి. 'ఇది కొలిచిందా, అంచనానా?', 'ఏ సమయానిది?', 'నీరు ఎటు పోతోంది?' అని అడగండి. తడబడిన చోటల్లా రాతలు మార్చండి.

చివరిగా, బోయా స్థానాన్ని ఫైల్లో ఒక స్థిరమైన అంకెగా ఉంచకండి. లంగరు తెగిన బోయా కొట్టుకుపోతూ కూడా కొలతలు పంపుతూనే ఉంటుంది, మ్యాప్ మాత్రం పాతచోటే చూపిస్తుంది. బోయాలోని జీపీఎస్‌ను ప్రతి కొలతతోపాటు చదివి, లంగరు తాడు అనుమతించే వలయం దాటగానే మీ ఫోన్‌కి సందేశం వచ్చేలా పెట్టండి. చుక్క దానంతట అదే కొత్తచోటికి జరిగి, 'లంగరు తెగింది' అన్న గుర్తు దాని మీద కనిపించాలి.